కొవ్వు పూసిన తూటా: నాలుగు ప్రశ్నల చిక్కుముడి

1857 తిరుగుబాటు ఎందుకు వచ్చిందని అడిగితే బడిపిల్లలు సైతం ఠక్కున చెప్పే జవాబు ఒకటుంది. ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలను నోటితో కొరకమన్నారు, సిపాయిలు తిరగబడ్డారు. కళాశాల మెట్టెక్కగానే ఇంకో జవాబు ఎదురవుతుంది. తూటా ఒక సాకు మాత్రమే, అసలు కారణాలు భూమిలోనూ రాజ్యాల విలీనంలోనూ పన్నుల్లోనూ ఉన్నాయంటుంది అది. పరిశోధన గ్రంథాల దాకా వెళితే మూడో మాట వినిపిస్తుంది: ఆ కొవ్వు తూటాలు సిపాయిల చేతికి అసలు చేరనే లేదని. ఈ మూడు జవాబులూ వేటి ఆధారాలు అవి చూపిస్తాయి. ఒకదాన్ని ఒప్పుకుంటే మిగతా రెండూ తప్పని తోస్తుంది.

వాదన ఇంతగా ముడిపడటానికి కారణం, నాలుగు వేర్వేరు ప్రశ్నలను ఒకే ప్రశ్నగా అడుగుతూ రావడం. తూటాకు పూసిన జిడ్డులో ఏముంది? ఆ తూటా ఎవరి చేతికి చేరింది? సిపాయిలు ఏం నమ్మారు, ఎందుకు నమ్మారు? ఆ నమ్మకం తిరుగుబాటుకు కారణమా, సాకా? మొదటిది తయారీశాల ప్రశ్న, రెండోది గిడ్డంగి లెక్కల ప్రశ్న. మూడోది సమాజానిది, నాలుగోది చరిత్రకారులది. ఒకదానికి దొరికిన సాక్ష్యం మరొకదానికి జవాబు కాదు. అందుకే ఈ నాలుగింటినీ విడదీసి, ఏది ఎంతవరకు తేలిందో, ఏది తేలలేదో చూడటం ఈ వ్యాసం పని.

సీసపు గుండుకు జిడ్డు ఎందుకు?

ఈ వివాదం గురించి రాసినవాళ్లలో చాలామంది దాటేసే ప్రశ్న ఇది. ఆ జిడ్డు లేకపోతే తుపాకి పేలదా?

అంతకుముందు సిపాయిల చేతుల్లో ఉన్నది లోపలి గొట్టం నున్నగా ఉండే బ్రౌన్ బెస్ తుపాకి. గుండు గొట్టం కంటే బాగా చిన్నది. మూతి నుంచి వదిలితే సులువుగా దిగిపోయేది. పొడి కాగితంలో చుట్టిన మందూ గుండూ సరిపోయేవి, జిడ్డుతో పని ఉండేది కాదు. ఆ కాగితాన్ని కూడా సిపాయిలు నోటితోనే కొరికేవారు, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అయితే వంద గజాలు దాటితే ఆ తుపాకి గురిని నమ్మడానికి లేదు.

రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. గుండు ఆ గాడులను పట్టుకుని సుడి తిరుగుతూ వెళితేనే గురి నిలుస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. గాడులను పట్టేంత బిగువుగా గుండు చేస్తే మూతి నుంచి దిగదు, సుత్తితో కొట్టి దించాలి. వదులుగా చేస్తే గాడులను పట్టదు. ఈ చిక్కు విప్పే ఆలోచన మొదట 1820లలో బ్రిటిష్ సైన్యంలోని కెప్టెన్ జాన్ నార్టన్‌కు తట్టింది. దక్షిణ భారతదేశంలో పనిచేసినప్పుడు ఇక్కడివాళ్లు ఊదే గొట్టపు బాణాలను ఆయన చూశాడని, వాటి అడుగున ఉన్న బెండు గాలి ఒత్తిడికి ఉబ్బి గొట్టాన్ని మూసేయడం నుంచే అడుగు బోలుగా ఉన్న గుండు ఊహ పుట్టిందని ఆయుధ చరిత్రకారులు చెబుతారు. దాన్ని 1849లో ఫ్రెంచి అధికారి మినియే ఆచరణలోకి తెచ్చాడు. ఆ వరుసలో వచ్చిందే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్.

ఎన్‌ఫీల్డ్ గొట్టం వ్యాసం 0.577 అంగుళాలు. అందులో వాడిన ప్రిచెట్ గుండు 0.568 అంగుళాలు, బరువు 530 గ్రెయిన్లు, అంటే సుమారు 34 గ్రాములు. మందు పేలగానే ఆ ఒత్తిడికి గుండు అడుగు విచ్చుకుని గాడుల్లోకి ఒదుగుతుంది. అలా విచ్చుకోవాలంటే సీసం మెత్తగా ఉండాలి. తగరమో ఆంటిమొనీయో కలిపితే గుండు గట్టిపడి విచ్చుకోవడం మానేస్తుంది. కాబట్టి వాడింది శుద్ధమైన సీసం. చేతి అచ్చులో పోసిన గుండులో గాలిబుడగలు మిగిలిపోయి బరువు ఒక పక్కకు ఒరిగే ప్రమాదం ఉంటుంది. అందుకని ఇంగ్లండులో సీసాన్ని యంత్రంతో నొక్కి గుండ్లు చేసే పద్ధతికి మారారు.

ఇక మిగిలింది మసి. నల్లమందు కాలాక దాని బరువులో సగానికి పైగా గట్టి పదార్థంగా మిగులుతుంది. నాలుగైదు గుళ్లు పేల్చేసరికి గొట్టం గోడలకు అది పేరుకుంటుంది. గుండుకూ గొట్టానికీ మధ్య ఉన్న సందు వెంట్రుక మందాన్ని మించదు. మసి పేరుకున్నాక కాగితం చుట్టిన గుండును దించాలంటే జబ్బసత్తువ చాలదు. కాగితానికి జిడ్డు పూస్తే గుండు జారుతూ దిగుతుంది, పేలినప్పుడు ఆ జిడ్డే మసిని మెత్తబరుస్తుంది. మెత్తని సీసం, బిగువైన గొట్టం, నల్లమందు అనే మూడూ ఉన్నచోట జిడ్డు తప్పదు. అయితే ఆ జిడ్డు పశువుల కొవ్వే అయి తీరాలన్న నియమం ఏమీ లేదు.

జిడ్డుకు మూడు దారులున్నాయి. పశువుల కొవ్వు చవక, దండిగా దొరుకుతుంది, కానీ ఉత్తరాది ఎండలకు కరిగి కాగితంలోకి ఇంకిపోతుంది. తేనెమైనం కరగాలంటే 60 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఎండకు ఆగుతుంది గానీ ఒంటిగా పూస్తే పెళుసు, పైగా ఖరీదు. నూనె ఒక్కటే పూస్తే మందు దాకా పాకి దాన్ని తడిపేస్తుంది. అందుకే కొవ్వునూ మైనాన్నీ కలిపిన మిశ్రమం లండన్‌లో ఖాయమైంది. కొవ్వుకు బదులు నెయ్యో నూనెనో మైనంతో కలిపినా పని జరుగుతుందని తరువాత తేలింది. 1857 జనవరిలో డమ్‌డమ్ తర్ఫీదు కేంద్రంలోని సిపాయిలే మైనం, నూనె వాడమని సూచించారు.

ఇక్కడ ఒక చిన్న వివరం గుర్తుంచుకోవాలి. జిడ్డు పూసేది గుండు ఉన్న కొసకు. సిపాయి కొరికేది మందు ఉన్న రెండో కొసను. లెక్క ప్రకారం పళ్లకు జిడ్డు తగలకూడదు. ఈ మాటను బ్రిటిష్ వైపు వాదించినవాళ్లు బలమైన సాక్ష్యంగా చూపుతారు. కానీ ఎండకు కరిగే కొవ్వు తోలు సంచిలో ఒక కొసనే అంటిపెట్టుకుని ఉంటుందనుకోవడం కష్టం. పైగా మైలకు నోరే అక్కరలేదు, చెయ్యి తగిలినా చాలు.

1853 నుంచి మే 10 దాకా

వాదాల్లోకి వెళ్లేముందు, అన్ని పక్షాలూ ఒప్పుకునే ఘటనల వరుసను ఒకచోట పెట్టుకోవాలి.

1853లో జిడ్డు పూసిన తూటాలు కొన్నింటిని ఇక్కడి వాతావరణానికి ఎంత ఆగుతాయో చూడటానికి ఇంగ్లండు నుంచి పంపారు. సిపాయిలు వాటిని సంచుల్లో మోశారు. ఎవరూ కిమ్మనలేదు. అయినా బెంగాల్ సైన్యపు అడ్జుటెంట్ జనరల్ కర్నల్ హెన్రీ టక్కర్ ఆ డిసెంబరులోనే సైనిక బోర్డుకు రాతపూర్వకంగా హెచ్చరించాడు. కులాచారాన్ని నొప్పించే పదార్థం జిడ్డులో లేదని తేల్చుకోనిదే దేశీయ పటాలాలకు ఈ తూటాలు ఇవ్వవద్దన్నాడు. ఆ హెచ్చరిక కాగితాల కట్టల్లో ఉండిపోయింది.

1856లో ఎన్‌ఫీల్డ్‌లు వచ్చాయి. కొత్త తుపాకిలో తర్ఫీదు ఇవ్వడానికి డమ్‌డమ్, అంబాలా, సియాల్‌కోట్‌లలో కేంద్రాలు తెరిచారు. 1857 జనవరిలో డమ్‌డమ్‌లో ఒక కళాసీ, బ్రాహ్మణ సిపాయిని చెంబుతో నీళ్లడిగాడు. కులం పేరు చెప్పి సిపాయి కాదన్నాడు. ఆవు కొవ్వూ పంది కొవ్వూ నోట పెట్టుకునే రోజు వస్తోందిలే, అప్పుడు నీ కులం ఎక్కడుంటుందో చూద్దామని కళాసీ ఎద్దేవా చేశాడు. జనవరి 22న కెప్టెన్ రైట్ ఈ సంగతి పై అధికారులకు తెలిపాడు. బారక్‌పూర్‌లో ఉన్న జనరల్ హియర్సీ వెంటనే ప్రభుత్వానికి రాశాడు. అయిదు రోజుల్లో, జనవరి 27న ఆదేశం వెలువడింది: జిడ్డు లేని తూటాలే ఇస్తారు, సిపాయిలు తమకు నచ్చినది తామే పూసుకోవచ్చు.

కలకత్తాలో తీసుకున్న ఈ నిర్ణయం త్వరగానే వచ్చింది, కానీ అనుమానం అంతకంటే త్వరగా వెళ్లింది. జిడ్డు పోయాక కాగితం మీద పడింది. కొత్త కాగితం నిగనిగలాడుతోంది, మంటలో పెడితే చిటపటలాడుతోంది, కొవ్వు వాసన వస్తోందని బారక్‌పూర్ విచారణలో సిపాయిలు చెప్పారు. రసాయన పరీక్షలో కాగితంలో కొవ్వు లేదని తేలింది. ఆ ఫలితం బారకాసులలో ఎవరినీ కదిలించలేదు. ఫిబ్రవరి చివర్లో బర్హంపూర్‌లో 19వ పటాలం పాతరకపు తూటాలను సైతం ముట్టుకోనంది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తుపాకి ఎత్తాడు. ఏప్రిల్ 8న ఉరితీశారు. ఏప్రిల్ 24న మీరట్‌లో 3వ అశ్విక దళానికి చెందిన 90 మందిలో 85 మంది తూటాలు తీసుకోలేదు. అవి ఏళ్ల తరబడి వాళ్లు వాడుతున్న రకమే. మే 9న అందరి ముందూ సంకెళ్లు బిగించారు. మే 10 సాయంత్రం మీరట్ తగలబడింది.

మొదటి ప్రశ్న: జిడ్డులో ఏముంది?

దీనికి దొరికిన ఉత్తమ సాక్ష్యం ప్రభుత్వ దస్తావేజులలోనే ఉంది. ఆయుధాగారాల ఇన్‌స్పెక్టర్ జనరల్ అబ్బాట్, జనవరి చివర్లో అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ లండన్ ఆదేశం ప్రకారమే కొవ్వు, తేనెమైనం వాడామన్నాడు. అభ్యంతరకరమైన కొవ్వు కలవకుండా చూసేందుకు ప్రత్యేకమైన జాగ్రత్త ఏదీ తీసుకున్నట్టు లేదని ఒప్పుకున్నాడు. కొవ్వు తెచ్చింది కాంట్రాక్టరు. ఏ జంతువుదని ఎవరూ అడగలేదు. గవర్నర్ జనరల్ కానింగ్ ఫిబ్రవరి 7న లండన్‌కు రాసిన ఉత్తరంలో, జిడ్డు విషయమై సిపాయిల ఫిర్యాదుకు ఆధారం ఉందని తేలినట్టు అంగీకరించాడు.

1893లో జి.డబ్ల్యూ. ఫారెస్ట్ ఈ కాగితాలను అచ్చువేశాడు. వాటిని చదివిన లార్డ్ రాబర్ట్స్, తిరుగుబాటును అణచిన సైన్యంలో తాను పనిచేసి కూడా, 1897లో వచ్చిన తన స్మృతుల్లో ఆ మిశ్రమంలో ఆవు కొవ్వూ పంది కొవ్వూ నిజంగానే ఉన్నాయని తేల్చి రాశాడు. జాతీయవాద రచయితలకు ఇది శత్రువు నోటి నుంచి వచ్చిన వాంగ్మూలం అయింది.

సాక్ష్యాన్ని నిదానంగా చదివితే రాబర్ట్స్ ఒక అడుగు ముందుకు వేశాడనిపిస్తుంది. దస్తావేజులు చెప్పేది ఫలానా కొవ్వు ఉందని కాదు, ఏ కొవ్వో ఎవరూ పట్టించుకోలేదని. బజారులో చవకగా దొరికే కొవ్వులో ఆవుది కలిసి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉంది. పంది కొవ్వు సంగతి అంత గట్టిగా చెప్పలేం. ఉందని రుజువు చేయడానికి ఆ తూటాలు ఇప్పుడు లేవు. లేదని హామీ ఇవ్వగల అధికారి అప్పుడూ లేడు. రాజకీయంగా ఆ రెండో లోటే ఎక్కువ చేటు చేసింది.

రెండో ప్రశ్న: ఎవరి చేతికి చేరింది?

ఈ ప్రశ్నను పట్టుదలగా వెంటాడింది జె.ఎ.బి. పామర్. మీరట్ తిరుగుబాటు మీద 1966లో వచ్చిన ఆయన పుస్తకం గిడ్డంగి లెక్కలనూ ఉత్తర్వుల తేదీలనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. అందులో తేలినదేమంటే, జిడ్డు పూసిన ఎన్‌ఫీల్డ్ తూటాలు దేశీయ పటాలాలకు పంపిణీ కాలేదు. తర్ఫీదు ఇంకా పేల్చే దశకు రాకముందే ఆదేశం మారింది. అంబాలా, సియాల్‌కోట్‌లలో నెయ్యి, మైనం లాంటివి పూసుకునే వీలు ఇచ్చారు. మార్చి నాటికి కాగితాన్ని కొరకడం మాని చేత్తో చింపే కవాతు వచ్చింది.

ఈ అంశంలో సైనిక చరిత్రకారుల మధ్య ఇప్పుడు పెద్ద భేదం లేదు. భేదమంతా దాని అర్థం దగ్గర వస్తుంది. ఇవ్వనే ఇవ్వని తూటా మీద తిరగబడ్డారంటే అది సాకేనని ఒక పక్షం అంటుంది. ఇచ్చేవాళ్లే, సిపాయిలు ముందుగా పసిగట్టి అడ్డుపడ్డారు కాబట్టి ఆగింది, తయారుచేసిన మాట నిజమే కదా అని రెండో పక్షం అంటుంది. రెండో వాదం పక్కన పెట్టదగింది కాదు. సిపాయిల అభ్యంతరం జనవరి 22న, ప్రభుత్వ ఆదేశం 27న. ఆ క్రమాన్ని తిరగేయలేం.

తిరుగుబాటు మొదలయ్యాక సిపాయిలు అవే తూటాలను ఇంగ్లీషువాళ్ల మీద వాడారనే మాట కూడా పాత రచనల్లో తరచు కనిపిస్తుంది. ఇది నిలవదు. తిరుగుబాటు పటాలాల చేతుల్లో ఎక్కువగా ఉన్నవి పాత నున్నని గొట్టం తుపాకులే. ఎన్‌ఫీల్డ్‌లు ప్రధానంగా ఎదుటి పక్షం చేతుల్లో ఉన్నాయి. ఆ యుద్ధం ఎటు మొగ్గిందో చెప్పుకునేటప్పుడు ఈ తేడాను మరిచిపోకూడదు.

మూడో ప్రశ్న: ఎందుకు నమ్మారు?

జిడ్డు తీసేసినా, కాగితం పరీక్ష చేయించినా, కొరకడం మాన్పించినా అనుమానం తగ్గకపోగా పెరిగింది. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడం వలస రచయితల తొలి ధోరణి. తరువాతి పరిశోధన మూడు దిశల్లో మెరుగైన జవాబులిచ్చింది.

మొదటిది కులం కట్టుబాటు. అంబాలాలో తర్ఫీదు పొందుతున్న 36వ పటాలం చిన్న అధికారులిద్దరిని, తూటా ముట్టుకున్నారు కాబట్టి కిరస్తానీలయ్యారని తోటివాళ్లే గేలి చేశారు. అక్కడి శిక్షకుడు కెప్టెన్ మార్టినో దీన్ని పైవాళ్లకు తెలియజేశాడు. తూటాలో ఏమీ లేదని సిపాయికి స్వయంగా నమ్మకం కుదిరినా లాభం లేదు. ఊరు నమ్మకపోతే హుక్కా పంచుకోరు, పంక్తిలో కూర్చోనివ్వరు, పిల్లకు సంబంధం రాదు. సిపాయి భయపడింది కొవ్వుకు ఎంతో, వెలికి అంతకంటే ఎక్కువ.

రెండోది సైన్యం తానే పెంచిన ఆచారం. సీమా అలావీ 1995లో చూపినట్టు, బెంగాల్ సైన్యంలో అగ్రకుల ఆచారాలకు ఈస్టిండియా కంపెనీ తొలినాళ్ల నుంచి పెద్దపీట వేసింది. నమ్మకమైన సైన్యం దొరుకుతుందని అలా చేసింది. రెండు తరాల తరువాత ఆ ఆచారాన్నే అడ్డంకిగా చూడటం మొదలుపెట్టింది. 1856లో కొత్తగా చేరేవాళ్లు సముద్రం దాటి పనిచేయడానికి ఒప్పుకోవాలని చట్టం చేసింది.

మూడోది వదంతి. రణజిత్ గుహ 1983లో రైతు తిరుగుబాట్లపై రాసిన గ్రంథంలో వదంతిని అజ్ఞానపు గుర్తుగా కాక, కాగితం చదవని సమాజం వార్త పంచుకునే సాధనంగా చూశాడు. కిమ్ వాగ్నర్ 2010లో ఆ దారినే 1857కి అన్వయించాడు. పిండిలో ఎముకల పొడి, ఊరి నుంచి ఊరికి తిరిగిన రొట్టెలు, నిగనిగలాడే కాగితం అన్నీ ఒకే భయం తొడుక్కున్న వేర్వేరు రూపాలని ఆయన వాదన. ఇంకో సంగతి కూడా ఆయన చూపాడు: ఇంగ్లీషు అధికారులు సైతం రొట్టెల్లో కుట్రను చూసి అంతే భయపడ్డారు. వదంతికి రెండు పక్షాలూ లొంగాయి.

నాలుగో ప్రశ్న: కారణమా, సాకా?

అసలు పోరు ఇక్కడ. 1857 జులై 27న, తిరుగుబాటు ఇంకా సాగుతుండగానే, డిజ్రేలీ బ్రిటిష్ పార్లమెంటులో సామ్రాజ్యాల పతనం తూటాల జిడ్డు వల్ల జరగదన్న అర్థంలో మాట్లాడాడు. అప్పటి నుంచి వాదం అయిదు పాయలుగా సాగింది.

*తొలి బ్రిటిష్ చరిత్రకారుల పక్షం.* 1864 నుంచి 1876 దాకా మూడు సంపుటాలు రాసిన జాన్ కే దీనికి పెద్దదిక్కు. ఆయన తూటాను నిప్పురవ్వగానే చూశాడు, డల్హౌసీ విలీన విధానం మందు పోగేసిందన్నాడు. ఆయన పని కొనసాగించిన మాలెసన్ కుట్రవైపు మొగ్గాడు. ముందే కూడబలుక్కున్నవాళ్లు తూటాను వాడుకున్నారన్నాడు. ఆ కుట్రకు గట్టి రుజువు ఇప్పటికీ దొరకలేదు.

*పాలనలో లోపం చూసిన పక్షం.* సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ తిరుగుబాటు చల్లారీ చల్లారకముందే ఉర్దూలో కారణాలపై పుస్తకం రాశాడు. శాసనాలు చేసే సభలో భారతీయుల గొంతు లేకపోవడమే మూలకారణమని ఆయన తీర్పు. అనుమానం పుట్టినప్పుడు చెప్పుకునే చోటు లేనివాడు ఆయుధం ఎత్తుతాడన్న ఈ తర్కం తూటా ఉదంతానికి బాగా ఒదుగుతుంది.

*జాతీయవాద పక్షం.* సావర్కర్ 1909లో దీన్ని స్వాతంత్ర్య యుద్ధమన్నాడు. స్వధర్మం, స్వరాజ్యం అసలు కారణాలని, తూటా కేవలం నిప్పు అని చెప్పాడు. శతాబ్ది సంవత్సరమైన 1957లో వచ్చిన రెండు గ్రంథాలు ఈ ఉద్వేగాన్ని తగ్గించాయి. ఆర్.సి. మజుందార్ దీన్ని తొలి జాతీయ యుద్ధమని ఒప్పుకోలేదు. ఎస్.ఎన్. సేన్ మతభయంతో మొదలై స్వాతంత్ర్య పోరుగా మారిందని మధ్యేమార్గం పట్టాడు.

*భూమినీ రైతునూ చూసిన పక్షం.* ఎస్.బి. చౌధురి, ఎరిక్ స్టోక్స్, రుద్రాంగ్షు ముఖర్జీ సైనిక శిబిరం దాటి పల్లెల్లోకి వెళ్లారు. 1856లో అవధ్‌ను కలుపుకోవడం, శిస్తు భారం, భూములు చేజారడం వాళ్ల లెక్కలో ముందుంటాయి. సిపాయి అంటే యూనిఫాం వేసుకున్న రైతే. ఈ పక్షం తిరుగుబాటు ఎందుకు అంతగా పాకిందో బాగా చెబుతుంది, ఫలానా వారంలో ఫలానా పటాలంలోనే ఎందుకు పుట్టిందో చెప్పలేదు.

*సిపాయి కొలువును చూసిన పక్షం.* సాల్ డేవిడ్ 2002లో జీతం, పదోన్నతి, భత్యాల అసంతృప్తిని ముందుకు తెచ్చాడు. కొందరు సిపాయిలు మెరుగైన యజమాని కోసం చూశారని, తూటా అందరినీ ఒక తాటి మీదికి తేవడానికి పనికొచ్చిన నినాదమని ఆయన అభిప్రాయం. ప్రాణాలకు తెగించినవాళ్ల మతభయాన్ని ఈ వాదం తక్కువగా అంచనా వేస్తుందన్న విమర్శ ఉంది.

తిలంగాల సైన్యం ఎందుకు కదలలేదు?

ఏ వాదాన్నైనా పరీక్షించడానికి పోలిక కావాలి. అది తెలుగు నేలకు దగ్గరలోనే ఉంది. 1857లో ఢిల్లీ జనం తిరుగుబాటు సిపాయిలను పిలిచిన పేరు 'తిలంగాలు'. క్లైవ్ 1756-57లో మద్రాసు నుంచి బెంగాల్‌కు తీసుకెళ్లిన సైన్యంలో తెలుగువాళ్లు ఉండటం వల్ల, ఉత్తరాదిలో కంపెనీ సిపాయి ఎవరైనా ఆ పేరే నిలిచింది. పేరు పెట్టిపోయిన మద్రాసు సైన్యం మాత్రం 1857లో దాదాపు నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. మద్రాసు 8వ అశ్విక దళం బెంగాల్ వెళ్లడానికి నిరాకరించి రద్దయింది గానీ, అక్కడ పేచీ జీతభత్యాల మీద వచ్చింది.

మద్రాసు పటాలాలలో కులాలు కలగలిసి ఉండేవి. కుటుంబాలు పటాలం వెంటే ఉండేవి. అవధ్ లాగా సొంత రాజ్యం కళ్ల ముందు పోయిన గాయం అప్పుడు తాజాగా లేదు. కాబట్టి జిడ్డు ఒక్కటే తిరుగుబాటు పుట్టించలేదని ఈ పోలిక చెబుతుంది.

అయితే మద్రాసు సైన్యానికి మైల భయం తెలియదనుకోకూడదు. 1806 జులై 10న వెల్లూరులో తిరగబడింది ఆ సైన్యమే. అక్కడ తగువు కొత్త తలపాగా మీద, దానికి కుట్టిన తోలు గుర్తు మీద, నుదుటి బొట్టు తీయమన్న ఆదేశం మీద. ఆ తోలు ఆవుదో పందిదో అన్న అనుమానమే యాభై ఏళ్ల తరువాత తూటా మీదికి ఎక్కింది. అక్కడా కోటలో ఉన్న టిప్పు కొడుకుల కుట్రా, తలపాగా తగువా అని వాదించుకున్నారు. గవర్నర్ బెంటింక్‌ను, సైన్యాధిపతి క్రాడక్‌ను వెనక్కి పిలిచారు. ఆ పాఠం బెంగాల్ ఆయుధాగారం దాకా చేరలేదు.

ఇక హైదరాబాదు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో జనం రెసిడెన్సీ మీద పడ్డారు. అక్కడ తూటా ప్రసక్తి లేదు. పట్టుబడిన జమేదారు చీదా ఖాన్‌ను విడిచిపెట్టాలన్న పట్టు, ఢిల్లీ వార్తలు, నిజాం ప్రభుత్వం మీద కోపం కారణాలు. తూటా లేకుండానూ తిరుగుబాటు సాగిందనడానికి ఇది సాక్ష్యం.

పోల్చి చూస్తే

- జిడ్డులో ఏముంది: పశువుల కొవ్వు ఉందనేది నిశ్చయం. ఏ పశువుదో చూడలేదనేదీ నిశ్చయం. ఆవుది కలిసే అవకాశం ఎక్కువ, పందిది రుజువు కాలేదు.
- ఎవరికి చేరింది: తయారైంది. సిపాయిల పటాలాలకు పంపిణీ కాలేదు. ఆగిపోవడానికి సిపాయిల అభ్యంతరమే కారణం.
- ఎందుకు నమ్మారు: వెలి భయం, సైన్యం పెంచిన ఆచారం, వదంతి మూడూ కలిశాయి. వీటిలో ఏది ముందన్నది పరిశోధకుడిని బట్టి మారుతుంది.
- కారణమా, సాకా: తిరుగుబాటు ఎప్పుడు, ఎక్కడ మొదలైందో తూటా చెబుతుంది. ఎంత దూరం పాకిందో, ఎంతకాలం నిలిచిందో భూమి, రాజ్యం, కొలువు చెబుతాయి.

ఇంకా తేలనివి

మూడు విషయాల మీద తగువు మిగిలే ఉంది. ఒకటి, పటాలాల మధ్య ఉత్తరాలు ఎంత పద్ధతిగా నడిచాయన్నది. వార్తలు పోయాయనడానికి సాక్ష్యం ఉంది, ఒకే రోజు లేవాలన్న పథకానికి లేదు. రెండు, సిపాయి మనసు. నిజమైన భయానికీ బేరానికీ మధ్య గీత ఎక్కడ పడుతుందో విచారణ వాంగ్మూలాలు తేల్చలేవు. అవి ప్రాణభయంతో, అనువాదకుడి నోటి గుండా, ఇంగ్లీషులో నమోదైన మాటలు. మూడు, జనవరి 27 ఆదేశాన్ని అదే వారంలో ప్రతి పటాలానికీ సొంత భాషలో, నమ్మదగిన మనిషి నోట చెప్పించి ఉంటే ఏమయ్యేదన్నది. హియర్సీ హిందుస్తానీలో స్వయంగా మాట్లాడినా బారక్‌పూర్ చల్లబడలేదు. కాబట్టి ఆ ఆశ కూడా గట్టిది కాదు.

సాంకేతికంగా ఈ తగువు పదేళ్లలో పాతబడిపోయింది. 1866లో వచ్చిన స్నైడర్ రైఫిల్‌కు మందు వెనుక నుంచి పెట్టేవారు. గుండు, మందు, జిడ్డు అన్నీ లోహపు తూటాలో ఇమిడిపోయాయి. కొరికేదీ చింపేదీ లేదు. 1871 మార్టిని-హెన్రీ తూటాలో జిడ్డు పని చేసింది తేనెమైనపు బిళ్ల.

1853లో టక్కర్ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇందులో ఏముందో మనకు తెలుసా? మూడేళ్లపాటు ఎవరూ జవాబు వెతకలేదు. తరువాతి వాదాలన్నీ ఆ ఖాళీలో మొలిచాయి. కాబట్టి పాఠ్యపుస్తకంలో తూటాకు ఒక్క వాక్యమే దక్కేటట్లయితే, ఆ వాక్యాన్ని ఇలా సవరించి రాయాలి: "తూటాకు పూసిన కొవ్వు ఏ జంతువుదో ప్రభుత్వం కనుక్కోలేదు, అడిగిన సిపాయికి జవాబు చెప్పలేకపోయింది, అప్పటికే భూమి, రాజ్యం, కొలువు విషయాల్లో దాని మాట మీద నమ్మకం పోయినచోట తిరుగుబాటు అంటుకుంది."